దించకూడని సారె

మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఆడపిల్ల కోసం బండికి ఎక్కించిన సారెను దారిలో దించకూడదు. ఈ వాకిట్లో ఎక్కిన బుట్ట ఆ వాకిట్లోనే దిగాలి. సారె రెండు బండ్లలో పోకూడదు. అద్దె బండిలో అసలే పోకూడదు. మా దొడ్లో ఎద్దుల బండ్లు వరసగా నిలబడిన కాలంలో పుట్టిన నియమమిది. ఎద్దులు లాగలేకపోతే అప్పుడు ఇంకో జత కట్టేవాళ్లు. ఇప్పుడు ఎద్దులు లేవు, బండ్లు లేవు, దొడ్డి ఉన్న చోట ఎవరివో షాపులు లేచాయి. నియమం మాత్రం అలాగే ఉంది. దాన్ని మోయడానికి మిగిలింది నా చిన్న కారు ఒక్కటే.

కారు నాది. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మా అన్న దాన్ని ఎప్పుడూ "మనింటి కారు" అంటాడు. మదనపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన జీతంతో, ఇంకొకరు వాడిన కారును కొనుక్కున్నాను. నేనే నడుపుతాను. ఒకరిని అడిగి ఎక్కే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. పుంగనూరులో మా పెద్దిల్లు సగం కూలిపోయింది. నిలిచిన సగంలో అన్న, వదిన, మా చిన్నాయన భార్య ఉంటారు. ఆమెను మేం పిన్నమ్మ అంటాం. ఇంటి నియమాలన్నీ ఆమె నోట్లో ఉంటాయి.

అన్న దృష్టిలో కారంటే మా తాత కారు. ఆ నల్ల కారు పక్కపలకల మీద మనుషులు నిలబడి, వెనక వేరుశనగ మూటలు వేసుకుని గుర్రంకొండ దాకా పోయేవాళ్లట. ఆ కారును అన్న చూశాడు. నేను చూసింది దాని పెంకును మాత్రమే. కలకడ దగ్గర ఒక రైతు చేలో చక్రాలు లేకుండా, కిటికీలకు వల కట్టి, లోపల కోళ్లతో ఉంది. ఆ దారిన పోయేటప్పుడు అన్న అటువైపు తల తిప్పడు. కానీ ఏ కారులో ఏం పడుతుందనే మాట వస్తే ఈ రోజుకీ ఆ కారే ఆయనకు కొలత.

అన్న కూతురు కుప్పం కోడలు. పోయిన సంవత్సరం ఆమెకు మొదటి కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెల వచ్చింది. కుప్పంలో అత్తవారింట్లో సీమంతం చేసి, పిల్లను కాన్పుకు పుంగనూరు తీసుకురావాలని అనుకున్నారు. కుదుపులు లేకుండా జాగ్రత్తగా తీసుకుపొమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు అన్న అక్కడే ఉన్నాడు, తల కూడా ఊపాడు.

ముందురోజు సాయంత్రమే నేను కారుతో పుంగనూరు చేరాను. తాళం మేకుకు తగిలించి పడుకున్నాను. పొద్దున స్నానం చేసి వాకిట్లోకి వచ్చేసరికి కారు నిండిపోయి ఉంది. డిక్కీలో బియ్యం మూట, బెల్లం అచ్చులు, అరిసెలూ లడ్లూ ఉన్న స్టీలు అండాలు. వెనక సీటు కింద కొబ్బరికాయలు. టాపు మీద దుప్పటి పరిచి, మా మిగిలిన ఎకరాలో పండిన టమోటాలు రెండు క్రేట్లు, ఒక అరటిగెల. తాడును ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి లాగి కట్టారు. లోపల అన్నిటికన్నా పైన, వెనక అద్దం కింద ఉండే పలక మీద, తోమి తళతళలాడే ఇత్తడి గంగాళం. కారు వెనక భాగం, కుక్క వెనక కాళ్ల మీద కూర్చోబోయినట్టు కుంగి ఉంది.

"ఏందన్నా ఇది?"

"సారె."

"అది తెలస్తాండాది. కారును సూడు. కుంగిపోయుండాది."

"బరువేస్తే కుంగక లేస్తాదా?"

"ఇంకా మనం నలుగురం ఎక్కల్ల."

"తాత కారులో పదిమంది పోతాంటిరి..."

"తాత కారులో ఇప్పుడు కోళ్లుండాయి."

అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న పిన్నమ్మ తలెత్తింది. "పొద్దున్నే కోళ్ల మాటెందుకు పాపా. ఎక్కిచ్చిన సారె దించేది లేదు. దించితే పిల్లకు మంచిది కాదు. ఒకతూరి పోగొట్టుకునుండాది. మళ్లా ఏమన్నా అయితే ఆ మాట నువ్వు పడతావా?"

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు రాస్తున్నా మండుతోంది. పిల్లకు మంచి జరగాలని పిల్ల ప్రయాణించే బండిని ప్రమాదంలో పెట్టడం, అడ్డం చెబితే ఆ పిల్ల పోగొట్టుకున్నదాన్నే నా ముఖాన పెట్టడం. ఏ మాటకైనా జవాబు ఉంటుంది, ఈ మాటకు ఉండదు. ఉండదని తెలిసే అంటారు.

కారుతో వచ్చిన పుస్తకంలో ఒక అంకె ఉంది. ఆ కారు మొత్తం ఎంత బరువుతో రోడ్డు మీద ఉండవచ్చో చెప్పే అంకె. అందులో సామాను మాత్రమే కాదు, మనుషులు కూడా ఉంటారు. నడిపే మనిషితో సహా. ఐదు సీట్లున్నాయి కాబట్టి ఐదుగురూ కూర్చుని, ఇంకా డిక్కీ ఉంది కాబట్టి దాన్నీ నింపవచ్చని అందరూ అనుకుంటారు. సీట్లు నిండితే డిక్కీకి మిగిలేది కొంచెమే. టాపు మీద వేసేది ఇంకా కొంచెం. పైన బరువుంటే మలుపులో కారు పక్కకు తూలుతుంది. వెనక కుంగితే ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు మాట వినదు. బ్రేకు వేస్తే ఆగవలసిన చోట ఆగదు. ఇదంతా అన్నకు ఎన్నిసార్లు చెప్పానో. "పుస్తకాలు రాసేటోళ్లు భయపెట్టేదానికే రాస్తారు" అంటాడు.

దించకూడదు గాని జరపకూడదని ఎవరూ అనలేదు కాబట్టి, చేయగలిగింది చేశాను. బియ్యం మూటను డిక్కీ అడుగుకు, వెనక సీటుకు ఆనించి తోశాను. అండాలను దాని పక్కన ఇరికించాను. గంగాళాన్ని కిందికి తీయబోతే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఆడనే ఉండల్ల."

"యాల?"

"అద్దంలోంచి కనపడల్ల. కుప్పం బజార్లో పోతాంటే నలుగురూ సూడల్ల, పుంగనూరు పెద్దింటి సారె వస్తాండాదని."

పెట్రోలు బంకులో నాలుగు టైర్లకూ నిండు బరువుకు పెట్టవలసినంత గాలి పెట్టించాను. ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అంటించిన చిన్న కాగితం మీద ఉంటుంది. గాలి పెంచితే కారు మోసేది పెరగదు, టైరు తొందరగా వేడెక్కకుండా ఉంటుంది, అంతే. అన్న మాత్రం "సూడు, ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

పలమనేరు దాటి వి.కోట వైపు పోతున్నాం. లారీ వాళ్లే నన్ను దాటుకుని పోయేంత నిదానంగా నడుపుతున్నాను. ఒక మట్టిదారిలోంచి మోటారుసైకిలు మీద రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకున్న మనిషి ఒక్కసారిగా రోడ్డెక్కాడు. బ్రేకు తొక్కాను. నా కారు నాకు తెలుసు. ఆ వేగంలో అది ఎక్కడ ఆగాలో తెలుసు. అక్కడ ఆగలేదు. ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు ముందుకే పోయింది. ఆ మనిషి పక్కన ఇసుకలోకి తిప్పి పడిపోయాడు. టాపు మీద నుంచి ఒక క్రేటు బానెట్ మీద పడి రోడ్డంతా టమోటాలు దొర్లాయి. వెనక పెద్ద చప్పుడు. గంగాళం పలక మీద నుంచి లేచి వచ్చి, వదినకూ పిన్నమ్మకూ మధ్య సీటు తలదిండుకు కొట్టుకుని కింద పడింది. ఒక జాన ఇటు వచ్చి ఉంటే వదిన తల. ఒక జాన అటు వచ్చి ఉంటే పిన్నమ్మ తల.

పాలాయన లేచి బట్టలు దులుపుకున్నాడు. దెబ్బ తగల్లేదు. క్యాన్ల మూతలు చూసుకుని మా దగ్గరికి వచ్చాడు.

"కారా అది, లారీనా?"

"రోడ్డు సూసుకోని ఎక్కల్ల నువ్వు" అన్నాడు అన్న కిటికీలోంచి. "మేమెవరో తెలుసునా?"

"తెలీదప్పా. మార్కెట్టుకు పోయే టమోటాలోళ్లని అనుకుంటి."

అన్న ముఖం నల్లబడింది. ఆ మనిషి తన తప్పు తనకు తెలుసన్నట్టు కాసేపు మాతోపాటు టమోటాలు ఏరి, క్యాన్లు సర్దుకుని పోయాడు. పిన్నమ్మ మాత్రం కారు దిగకుండా వేరే విషయం ఆలోచిస్తోంది.

"పడింది దించినట్టు కాదులే" అని చివరికి తీర్పు చెప్పింది. "తిరిగి ఎక్కిచ్చేయండి."

నేను గంగాళాన్ని చేతిలోకి తీసుకున్నాను. అంచు నొక్కుకుపోయి ఉంది. దాన్ని నడుమ, వాళ్ల కాళ్ల దగ్గర నేల మీద బోర్లా పెట్టాను. ఈసారి అన్న నా చెయ్యి పట్టుకోలేదు. కుప్పం దాకా నాకు ఒకటే ఆలోచన. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఆ తలదిండు ముందు కూర్చోబోయేది పిల్ల.

అన్న వియ్యంకుడిది కుప్పంలో గ్రానైటు పాలిష్ చేసే యూనిట్టు. మంచివాడే. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది, ఇల్లు ఇంకా పెద్దది. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే అన్న నడుము ఇంకా నిటారవుతుంది. గాజులు తొడిగారు, అక్షింతలు వేశారు, భోజనాలయ్యాయి. పిల్ల సంచీ పెట్టాలని వదిన తాళం అడిగితే ఇచ్చాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నలుగురు మనుషులు రొప్పుతూ నా కారు వెనక నుంచి పక్కకు తప్పుకుంటున్నారు. డిక్కీలో నిగనిగలాడే నల్లరాతి రోలు. దాని పక్కన రాగుల మూట, పనసకాయ, చీరల పెట్టె. టాపు మీద కొబ్బరికాయల మూట. కారు మళ్లీ అలాగే కుంగింది.

"రోలమ్మా" అన్నాడు వియ్యంకుడు సంతోషంగా. "మా సొంత రాయి. మనవడికి ఉగ్గు నూరేదానికి."

"ఉగ్గుకు ఇంత రోలా బావగారూ? దీంట్లో ఊరికంతా పిండి రుబ్బచ్చు."

ఆయన గట్టిగా నవ్వాడు. "మా దగ్గర సన్న రాయి ఉండదమ్మా. బరువనుకుంటే చెప్పండి, మా పెద్ద కారుండాది, డ్రైవరుండాడు. పాపను దాంట్లో పంపిస్తాం."

"వద్దు బావా" అన్నాడు అన్న, నేను నోరు తెరిచే లోపల. "మా ఆడబిడ్డ మా బండిలోనే వస్తాది."

ఆ మాట నాకూ నచ్చింది. అబద్ధమెందుకు. మా పిల్ల ఇంకొకరి కారులో వచ్చి మా వాకిట్లో దిగడం నాకూ ఇష్టం లేదు. కానీ మన బండి అనేవాడు ఆ బండి ఎంత మోస్తుందో తెలుసుకోవాలి. తెలుసుకోకుండా మన బండి, మన ఇల్లు, మన సారె అని అరిచేవాళ్ల వల్లే మాకు దొడ్డి పోయింది, చేలు పోయాయి, తాత కారు కోళ్లగూడైంది. ఈ పిల్ల కూడా ఆ వరసలో పోవడానికి నేను ఒప్పుకోను. ఆ వాకిట్లో, ఆ నవ్వుల మధ్య, దించమని నేను అనలేదు. అంటే ఎన్ని గొంతులు లేస్తాయో తెలుసు. అందరినీ ఎక్కించుకుని బయల్దేరాను.

ఊరి చివర గ్రానైటు లారీలను తూకం వేసే కాటా ఉంది. ఇనుప పలక మీదికి బండి ఎక్కితే బయట బోర్డు మీద ఎర్ర అంకెలు పడతాయి. నేను ఇండికేటరు వేసి లోపలికి తిప్పాను.

"యాడికి పోతాండావు?" అన్నాడు అన్న ముందు సీట్లోంచి.

"కాటాకు."

గది కిటికీలోంచి కాటా మనిషి తల బయట పెట్టాడు. "ఏం లోడక్కా?"

"మనుషులు. సారె."

అతను తల లోపలికి లాక్కున్నాడు. వెనక సీట్లో మధ్యన కూర్చున్న పిల్ల పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. "అత్తా, నన్ను గూడా తూకమేస్తావా?"

"నిన్ను ఇద్దరి లెక్కన."

"ఏం పని మే ఇది" అన్నాడు అన్న. గొంతు తగ్గించాడు, కాటా మనిషికి వినపడకూడదని. "మనల్ని రాళ్ల మాదిరి కాటాకు పెడతావా? వియ్యంకునికి తెలిస్తే యాడ పెట్టుకోవల్ల మొగం?"

ఎర్ర అంకెలు ఆగాయి. పుస్తకంలోని అంకె నాకు నోటికి వచ్చు. డెబ్భై కిలోలు ఎక్కువ.

చెప్పాను. "ఎక్కువుంటే ఉండనీ, నిదానంగా పోదాం" అన్నాడు.

"నిదానంగా పోతే బరువు తగ్గతాదా? పొద్దున నిదానంగానే పోతాంటిమి."

వదిన గంగాళం తగిలిన తలదిండు వైపు చూసింది. పిల్ల ఆ చూపు చూసింది. పొద్దున జరిగింది ఆమెకు ఎవరూ చెప్పలేదు గాని, గంగాళం నొక్కు ఆమె చూడకపోలేదు.

"పిన్నమ్మా" అన్నాను అద్దంలోంచి చూస్తూ. "ఎక్కించిన సారె దించకూడదు గదా?"

"కూడదు."

"మనుషుల్ని దించచ్చునా?"

పిన్నమ్మ నోట్లో వక్క అటూ ఇటూ మారింది. "మనుషుల సంగతి మా అత్త ఏం చెప్పలేదు" అంది చివరికి.

"అన్నా, నువ్వు సారె కాదు. దిగు."

అన్న నా వైపు చూశాడు. ఆ చూపును నేను మా నాయన ముఖంలో చూశాను, పొలం అమ్మిన కాగితాల మీద వేలిముద్రల వాళ్ల పక్కన కూర్చుని సంతకం పెట్టిన రోజు. నాకు జాలి కలగలేదు. కోపం ఇంకా పెరిగింది.

"నన్ను దింపుతావా? ఇంటి పెద్దను?"

"తొంభై కిలోల పెద్దవు. అందుకే."

వెనక లారీ హారను కొట్టింది. "అక్కా, కాటా ఖాళీ చెయ్యండి" అన్నాడు కాటా మనిషి. అన్న కదల్లేదు. ఆయన రోడ్డు వైపే చూస్తూ, కారును ముందుకు పోనిమ్మని చేత్తో సైగ చేశాడు. నేను తాళం తిప్పి ఇంజను ఆపేశాను.

"నాయనా" అంది పిల్ల. చెయ్యి కడుపు మీద ఉంది. "దిగు నాయనా. నాకు బయంగా ఉండాది."

అప్పుడు దిగాడు. తువ్వాలు భుజాన వేసుకుని, తలుపు మెల్లగా వేసి, లారీల మధ్యలోంచి బస్సులు ఆగే చోటికి నడిచాడు. వెనక్కి చూడలేదు. మళ్లీ తూకం చూశాను. అంకె హద్దు లోపలికి వచ్చింది.

కాటా దిగి పక్కన ఆపి సర్దడం మొదలుపెట్టాను. టాపు మీది కొబ్బరికాయల మూటను, నేల తగలనివ్వకుండా, నేనూ వదినా చేతులు మార్చుకుని లోపలికి దించి వెనక సీటు ముందు కింద పెట్టాం. రోలును డిక్కీ అడుగున వెనక సీటుకు ఆనేలా నలుగురు లారీ మనుషులతో తోయించి, రాగుల మూట అడ్డం పెట్టి, తాడుతో కొక్కేలకు బిగించాను. తల ఎత్తులో ఏ వస్తువూ లేకుండా చూశాను. పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు వెనక్కి జరిపి, బెల్టు కింది పట్టీని కడుపు కిందుగా తొడల మీదికి లాగి పెట్టాను. పిన్నమ్మ అంతా చూస్తూ కూర్చుంది.

పొద్దున పాలాయన పడిన చోటికి దగ్గరలో ఒక గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. బ్రేకు వేశాను. కారు నేను అనుకున్న చోట ఆగింది. వెనక ఏదీ కదల్లేదు. పిల్ల నిద్రపోతోంది, లేవలేదు.

పుంగనూరులో హారతి ఇచ్చి పిల్లను లోపలికి తీసుకుపోయారు. సారె మీద మొదట ఇంటి పెద్ద చెయ్యి పడాలి, అదింకో నియమం. కాబట్టి ఇంటి పెద్ద బస్సు దిగి వచ్చేదాకా కారు వాకిట్లో అలాగే నిలబడింది. వీధిలో పోయే ప్రతివాడూ ఆగి రోలును చూసిపోయాడు. దీపాలు పెట్టే వేళకు అన్న వచ్చాడు. చొక్కా నలిగిపోయి ఉంది. పలమనేరు దాకా నిలబడే వచ్చినట్టున్నాడు.

"ఏమప్పా, నువ్వు యాడ నిలిచిపోతివి?" అన్నాడు ఎదురింటి ఆయన.

"వియ్యంకుడు పట్టుబట్టె. ఇంకా రవ్వంతసేపు ఉండి పొమ్మనె."

"లేదు" అన్నాను నేను అరుగు మీద నుంచి. "బస్సులో వచ్చినాడు. కారుకు బరువెక్కువైతే కాటా దగ్గర నేనే దింపినాను."

ఎందుకన్నావని తర్వాత వదిన అడిగింది. మళ్లీ ఆ అబద్ధం మీద ఇంకో నియమం లేస్తుందని అన్నాను. అన్న నన్ను చూడకుండా వచ్చి రోలు మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు దించారు.

ఆ రోజు నుంచి ఆయన నాతో నేరుగా మాట్లాడడు. నేనూ మాట్లాడను. ఇద్దరం ఒకే తండ్రి పిల్లలం. పిల్లకు నెలలు నిండి సుఖంగా కాన్పయింది, ఆడబిడ్డ. రోలు ఇంకా వాకిట్లోనే ఉంది. లోపలికి జరిపేవాళ్లు లేరు. ఉగ్గు మాత్రం వంటింట్లో పాత సానరాయి మీదే నూరుతున్నారు.

ఇప్పుడు బిడ్డను, తల్లిని కుప్పం పంపాలి. ఉయ్యాలతో సహా మళ్లీ సారె. పిన్నమ్మ అప్పుడే సామాను పోగుచేస్తోంది. మొన్న అన్న పక్క గదిలో, నాకు వినపడేంత గట్టిగా, వదినతో అన్నాడు. "ఆమె కారు కావల్లని అడుగు."

మనింటి కారు అనలేదు. తిట్టుగానే అన్నాడు. నేను తిట్టుగా తీసుకోలేదు.

ఇస్తానని వదినతో చెప్పాను. తాళం నా నడుముకే ఉంటుందని, ఏదైనా సరే తూకం వేశాకే ఎక్కుతుందని కూడా చెప్పాను. బియ్యం మూటలు తూచే చిన్న కాటా ఒకటి మదనపల్లె నుంచి తెచ్చి వాకిట్లో, సారె బుట్టలు బయటికి వచ్చే దారికి అడ్డంగా పెట్టాను. పిన్నమ్మ దానికి కాలు తగలకుండా చుట్టూ తిరిగి పోతోంది. ఎవరూ లేని వేళ చూసి అన్న దాని మీద ఎక్కి నిలబడ్డాడని వదిన చెప్పింది. ఎంత వచ్చిందో మాత్రం ఆమెకు కూడా చెప్పలేదట.